వ్రేలెత్తి చూపుట

ఓసాకా నగరమునకు వాయవ్యముగా, కొండల పాదమున, ముకో నది యొడ్డున తకరజుకా అను పట్టణమొకటి కలదు. స్త్రీలు మాత్రమే నటించు నాటకసమాజ మొకటి 1914 నుండి అచట ప్రదర్శనము లిచ్చుచుండుటచే ఆ యూరి పేరు జపాను దేశమంతటను మారుమ్రోగినది. మన స్థానం నరసింహారావుగారు చీర కట్టి రంగస్థలమున అడుగిడినప్పుడు తెలుగుదేశము ముగ్ధమైనట్లే, అచటి స్త్రీలు కోటు తొడిగి టోపీ పెట్టి నాయకులై నిలిచినప్పుడు ప్రేక్షకులు మైమరచుదురట. అయితే నేను ఆ యూరికి పోయినది నాటకము చూచుటకు గాదు. అచటినుండి ఓసాకా వైపు పోవు రైలులో మొదటి పెట్టె ఎక్కుటకు.

“మావయ్యా, జపాను వచ్చినవాళ్ళు గుళ్ళు చూస్తారు, చెర్రీపూలు చూస్తారు. మీరేమో రైలు డ్రైవర్ని చూస్తానంటారు” అని నా మేనల్లుడు నవ్వెను. అతడు కొన్నేండ్లుగా ఓసాకా ప్రాంతమున, మోటారుబండ్ల విడిభాగములు చేయు కర్మాగారమొకదానిలో ఇంజనీరుగా నున్నాడు.

“డ్రైవరు కొడుకునిరా, ఇంకేం చూడమంటావ్?” అంటిని.

ఆ దేశపు రైళ్ళలో పెక్కింటియందు డ్రైవరు గదికిని ప్రయాణికుల పెట్టెకును నడుమ అద్దపు కిటికీ యుండును. ఆ అద్దమునకు ముక్కు ఆనించి నిలుచువారు సామాన్యముగా అయిదారేండ్ల పిల్లలు. ఆ యుదయమున వారి ప్రక్కన అరువది దాటిన నేనును నిలిచితిని. లోపల పాతికేండ్ల యువకుడొకడు. తలపై టోపీ, చేతులకు తెల్లని తొడుగులు, ఎదుటి బల్లపై గుండ్రని గుంటలో అమర్చిన జేబుగడియారము. అతడు ఆ గడియారమును వ్రేలితో చూపి వేళ పలికెను, ప్రక్కనున్న వేళలపట్టికపై వ్రేలు నిలిపి రాబోవు స్టేషను పేరు పలికెను, తలుపులు మూసికొన్నవని తెలుపు చిన్నదీపమును చూపి మరియేదో పలికెను, పిమ్మట చేయి పూర్తిగా చాచి, దూరమున వెలుగుచున్న పచ్చదీపమునకు వ్రేలు గురిపెట్టి, గదిలో తానొక్కడే యున్నను ఎదుట పదిమంది వినుచున్నట్లు స్పష్టముగా “షుప్పాత్సు షింకో!” అని పలికి, అప్పుడుగాని మీటను కదలింపడయ్యెను.

“బయలుదేరే సిగ్నల్ పడింది, పోవచ్చు అని” మేనల్లుడు అర్థము చెప్పెను.

“ఎవరికి చెబుతున్నాడు?”

“ఎవరికీ కాదు మావయ్యా, తనకే.”

ఈ యాచారమునకు జపానీయులు పెట్టిన పేరు షిసా కాన్కో. చూపి పలుకుట యని మనము చెప్పుకొనవచ్చును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో, కోబె పరిధిలో హోరి యసోయిచి యను ఆవిరియింజను డ్రైవ రొకడు, తన కంటిచూపు మందగించుచుండగా, కనబడిన సిగ్నలును బిగ్గరగా ఫైర్‌మనుకు చెప్పి అతనిచేత ఔననిపించుకొనుచుండెననియు, చూపు తగ్గినవాని నిస్సహాయతగా మొదలైన ఆ యలవాటే కన్నులు చక్కగా కనబడువారికిని నియమమైనదనియు చెప్పుకొందురు. వ్రేలితో చూపుట తరువాత వచ్చి చేరినది. జపాను రైల్వే సాంకేతిక పరిశోధనాసంస్థవారు 1994లో దీనిని పరీక్షకు పెట్టిరి. ఊరక చూచి మీట నొక్కినవారు నూరు పర్యాయములకు 2.38 పొరపాట్లు చేయగా, వ్రేలితో చూపి నోట పలికి నొక్కినవారు 0.38 మాత్రమే చేసిరట. అనగా ఆరింట అయిదు పొరపాట్లు, ఒక వ్రేలును ఒక మాటయు కలిసినంతనే, పుట్టకమునుపే పోయినవి. ఇందు మంత్ర మేమియు లేదు. వేయిసార్లు చూచిన వస్తువును కన్ను చూడక మునుపే మనస్సు చూచినట్లు భావించును. పచ్చదీపమునకు అలవాటుపడిన మనస్సు ఎఱ్ఱదీపమును సైతము పచ్చగా ఊహించును. చేయి చాచవలసి వచ్చినప్పుడు కన్ను నిలువవలెను. నోరు పలుకవలసి వచ్చినప్పుడు మనస్సు తెలిసికొనవలెను. పలికినది తన చెవినే పడినప్పుడు, అబద్ధమైనచో అచటనే బయటపడవలెను.

నాకు మాత్రము ఆ దృశ్యము క్రొత్తది గాదు. మా నాన్నగారు వాల్తేరులో డ్రైవరు. బైలదిల్లా కొండల ఇనుపరాయిని విశాఖపట్టణపు రేవునకు చేర్చి ఓడలలో జపానునకు పంపుట కొరకు, ఆ దేశపు సహకారముతోనే, 1960ల దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గమున ఆయన యౌవనమంతయు గడచినది. బొర్రా దాటి, సొరంగము వెంబడి సొరంగము దూరి, శిమిలిగూడ యొద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున కెక్కు ఆ దారిలో ఖాళీ వాగనులు పైకి పోవును, రాయి నిండిన వాగనులు క్రిందికి దిగును. కనుక అచటి డ్రైవరునకు ఇంజను బలముకంటె బ్రేకు బలమే ప్రాణము. కనుమదారులలో స్టేషనునకు ముందు క్యాచ్ సైడింగను ఒక ప్రక్కదారి యుండును. అదుపు తప్పిన బండి వచ్చినచో, స్టేషనులో నిలిచిన మరియొక బండిపై పడకుండ, ఎత్తుగా సాగు ఆ దారిలోనికి మరలి వేగ ముడిగి నిలిచిపోవును. బ్రేకు విఫలమగునని గాని, మనిషి ఏమరునని గాని ముందే తలచి, ఆ తలపును పట్టాలుగా పరచిన దారి యది.

నేను చిన్ననాడు ఒకటి రెండుసార్లు ఇంజనులో ఆయన ప్రక్కన నిలిచి చూచితిని. అసిస్టెంటు కిటికీనుండి తల బయట పెట్టి “డిస్టెంట్ ఎల్లో!” అని అరచును, నాన్నగారు తానును చూచి “డిస్టెంట్ ఎల్లో!” అని బదులు పలుకును. ఒకడు చెప్పినది రెండవవాడు విని ఊరకుండరాదు. తన కన్నులతో చూచి తన నోటితో మరల చెప్పవలెను. ఈ కేకలు ఆయనకు ఎంత అలవాటయ్యెననగా, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రించుచు కూడ “హోమ్ గ్రీన్” అనుచుండెడివారు. “మీ నాన్నకి నిద్ర పట్టాలన్నా సిగ్నల్ పడాల్సిందేరా” అని మా అమ్మ వేళాకోళము చేయుచుండెను. ఆ కొండలనుండి రాయి దించినవాని కొడుకు, ఆ రాయి ఇనుముగా కరగిన దేశమున, మరియొక డ్రైవరు నోట అదే కేక వినుచు నిలిచియుండుట నాకు చుట్టరికమువలె తోచినది.

ఇంతలో రైలు ఇతామి స్టేషనున ఆగెను. డ్రైవరు, పట్టాలప్రక్కన పాతిన నిలుపుగుర్తును చూపి, పలికి, గీతకు గీత సరిపోవునట్లు బండిని నిలిపెను. మేనల్లుడు నవ్వు మాని, “ఇక్కడే మావయ్యా” అనెను.

2005 ఏప్రిల్ 25వ తేదీ ఉదయమున, తకరజుకాలో బయలుదేరిన ఏడు పెట్టెల రైలొకటి ఇదే ఇతామిలో నిలుపుగుర్తు దాటి 72 మీటర్లు ముందునకు పోయినది. డ్రైవరు వయస్సు 23 ఏండ్లు. డ్రైవరై ఏడాది నిండలేదు. బండిని వెనుకకు నడిపి ప్రయాణికులను దించి ఎక్కించుకొనుసరికి ఒకటిన్నర నిమిష మాలస్యమైనది. జపానులో ఒకటిన్నర నిమిషమును ఆలస్యమే. బయలుదేరిన పిమ్మట అతడు వెనుకనున్న కండక్టరును లోపలి టెలిఫోనులో పిలిచి, దాటిన దూరమును తగ్గించి చెప్పుమని వేడుకొనెను. కండక్టరు వైర్‌లెస్సులో నియంత్రణకేంద్రమునకు ఎనిమిది మీటర్లని చెప్పెను. ఆ సంభాషణ నడచుచుండగనే ముందు వంపు వచ్చినది. 304 మీటర్ల వ్యాసార్ధము గల ఆ వంపున గంటకు 70 కిలోమీటర్లు మించరాదు. బండి 116 కిలోమీటర్ల వేగముతో దానిలో ప్రవేశించినది. బ్రేకు పడవలసిన చోట పడలేదు. 9 గంటల 18 నిమిషములకు, మొదటి పెట్టెలు పట్టాలు తప్పి ప్రక్కనున్న తొమ్మిదంతస్తుల భవనమును తాకెను. మొదటి పెట్టె నేలయంతస్తున కార్లు నిలుపుచోటికి చొచ్చుకొనిపోయెను, రెండవది భవనపు మూలకు చుట్టుకొనిపోయెను. 106 మంది ప్రయాణికులును, ఆ డ్రైవరును మరణించిరి. 562 మంది గాయపడిరి.

అతడు నిద్రించుచుండలేదు, త్రాగి యుండలేదు. విచారణసంఘము 2007లో వెలువరించిన నివేదిక ననుసరించి, బహుశః అతని మనస్సు వైర్‌లెస్సులో సాగుచున్న ఆ మాటలపై నుండెను. తరువాత తానేమి సంజాయిషీ చెప్పుకొనవలెనను ఆలోచనపై నుండెను. ఆ భయము ఊరక పుట్టినది గాదు. పొరపాటు చేసిన డ్రైవర్లకు ఆ రైల్వే సంస్థలో నిక్కిన్ క్యోయికు అను పునశ్శిక్షణ యొకటి యుండెడిది. పేరు శిక్షణయే గాని, అందు గడ్డి పీకుటయు, ఊడ్చుటయు, నా తప్పిదమునకు కారణము నా అశ్రద్ధయే యని పుటలకొలది వ్రాయుటయు, పైవారి తిట్లు నిలువబడి వినుటయు విస్తారముగా నుండి, బండిని సరిగా ఆపుట నేర్పు పాఠము స్వల్పముగా నుండెడిది. అంతకు పది నెలల క్రితమే మరియొక స్టేషనులో నిలుపుగుర్తు దాటినందులకు ఆ యువకు డొకమారు దానిని అనుభవించి యుండెను. కనుక ఆ యుదయమున ఇతామినుండి వంపువరకు, బండి ఎదుట వంపు కంటె అతని ఎదుట ఆ శిక్షణగది పెద్దదిగా కనబడినది. మొదటి పొరపాటునకు పడబోవు దండన, రెండవ పొరపాటును పుట్టించినది. మొదటిదానివలన ఒకటిన్నర నిమిషము పోయెను, రెండవదానివలన 107 ప్రాణములు పోయెను.

మా రైలు ఆ వంపున, వేగము బాగుగ తగ్గించుకొని, ఒడిలోని పాపను దించు తల్లివలె మెల్లగా పోయెను. ఎడమవైపున తెల్లని కప్పుక్రింద కురుచ భవన మొకటి క్షణకాలము కనబడి మరుగయ్యెను. డ్రైవరు వ్రేలు చాచి, వేగపరిమితి ఫలకమును చూపి, అంకె పలుకుట నేను చూచితిని.

అమగసాకిలో దిగి వెనుకకు నడిచితిమి. కర్మాగారములు, చిన్నచిన్న యిండ్లు, ఆరవేసిన బట్టలు, సైకిళ్ళు తొక్కుచు పోవు గృహిణులు. లోకమున ఏ రైలుమార్గము ప్రక్కనైన నుండు సామాన్యమైన ఊరు. ఆ భవనమును పూర్తిగా కూల్చివేయక, క్రింది నాలుగంతస్తులను నిలిపి, పైన వంగిన కప్పువేసి, 2018లో దానిని ఇనోరి నొ మొరి, అనగా ప్రార్థనావన మను స్మారకస్థలముగా చేసిరి. రైలు తాకిన గోడ అట్లే యున్నది. దానియెదుట మే మిద్దరమును మాటలేక నిలిచియుండగా, కొన్ని గజముల దూరమున, అదే వంపున, మరియొక రైలు పోయెను. లోపలివారిలో కొందరు చేతులు జోడించిరి, కొందరు పుస్తకములలోనుండి తల యెత్తలేదు. జోడించిన చేతులకంటె ఎత్తని తలలే నన్ను ఎక్కువ కదలించినవి; బండి తమను క్షేమముగా చేర్చునని నమ్మి మరచియుండుట ప్రయాణికుని హక్కు, ఆ మరపును కాపాడుట నడుపువాని పని, ఆ నడుపువానిని కాపాడుట వానికి పని యిచ్చినవారి పని.

అచట నిలిచియున్నప్పుడు నా మనస్సు మన మాటలమీదికి పోయెను. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. బుద్ధిమంతులకు సైతము ప్రమాదము కలుగునను లోకోక్తిలో ఆ మాటకు అదే అర్థము. తెలుగులోనికి వచ్చుసరికి ఆ మాట ఏమరుపాటును విడిచి దానివలన కలుగు ఆపదకే పేరైనది. కారణమును ఫలములోనే కలిపివేసి, నడుమ నున్నదానిని మనము చూచుట మానితిమి. తప్పు అను మాట మరియు చిత్రమైనది. చేసిన పొరపాటును తప్పే, దానికి ఊరిపెద్దలు వేయు జరిమానాయు తప్పే. తప్పు చేసినవాడు తప్పు కట్టవలెను. పొరపాటును శిక్షయు ఒకే మాటలో కాపురమున్న భాషలో పెరిగినవారికి, ఆ రెండింటిని వేరుచేయుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. వ్రేలెత్తి చూపుట యన్నచో మనకు నింద యనియే అర్థము. ఒకే చూపుడువ్రేలు సిగ్నలువైపు చాచినప్పుడు ప్రాణము నిలుపును, మనిషివైపు ఎత్తినప్పుడు అతని కన్నును సిగ్నలునుండి మరల్చును. ఆ రెండు వ్రేళ్ళును ఒకే మార్గమున, ఒకే సంస్థలో ఉండెను.

ఆ రాత్రి భోజనమువేళ మేనల్లుడు తన వృత్తిలోని కథ యొకటి చెప్పెను. 1961లో షిగెయో షింగో యను ఇంజనీరు ఒక విద్యుత్పరికరముల కర్మాగారమునకు పోయెనట. అచట ఒక చిన్నమీటలో రెండు స్ప్రింగులు పెట్టి బిగింపవలెను. పనివారు అప్పుడప్పుడు ఒకటి పెట్టుట మరచుచుండిరి. జాగ్రత్త, జాగ్రత్త యని ఎన్నిమార్లు చెప్పినను కొన్నాళ్ళు బాగుండి మరల మొదటికి వచ్చుచుండెను. షింగో ఎవరిని తిట్టలేదు. పని మొదలుపెట్టుటకు ముందు రెండు స్ప్రింగులు తీసి ఒక చిన్నపళ్ళెములో పెట్టుకొనుమనెను. బిగించిన పిమ్మట పళ్ళెములో స్ప్రింగు మిగిలియున్నచో, మరచితినని పళ్ళెమే చెప్పును.

“ఇలాంటి ఏర్పాట్లకి ఆయన మొదట పెట్టిన పేరు బాకా యోకె. బాకా అంటే వెర్రివాడు. వెర్రివాడు చేసినా తప్పిపోని ఏర్పాటు అని. ఒక ఫ్యాక్టరీలో ఆ మాట విని ఒకావిడ, నేనేమైనా వెర్రిదాన్నా అని ఏడ్చిందట. అప్పుడు పేరు మార్చి పోకా యోకె అన్నాడు. పోకా అంటే పొరపాటు.”

“పళ్ళెం మార్చలేదు కదా?”

“పళ్ళెం అదే మావయ్యా. మాటే మారింది.”

ఆ మాట మారుటయే సగము పని యని నాకు తోచినది. వెర్రివానిని అడ్డుకొనుటకు పళ్ళెము పెట్టినవాడు ఆ పనివానిని ఎప్పటికిని అడుగడు. పొరపాటును అడ్డుకొనుటకు పెట్టినవాడు, ఎచట మరచుచున్నావు, ఎందుకు మరచుచున్నా వని కూర్చుండి అడుగును. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికావారి బి-17 విమానములు నేలకు దిగిన పిమ్మట, రెక్కల వెనుకతట్టు రేకులను ముడుచుటకు బదులు పైలట్లు చక్రములను ముడిచివేయగా విమానములు పొట్టపై కూలబడుచుండెను. నేర్పరులైన పైలట్ల నెందుకు తిట్టవలెనని, ఆల్ఫోన్స్ చపానిస్ అను మనశ్శాస్త్రవేత్త విమానములోనికి పోయి చూడగా, ఆ రెండు మీటలును ప్రక్కప్రక్కన ఒకే రూపమున నుండెను. ఆయన చక్రముల మీటకు చిన్న రబ్బరుచక్రమును, రెండవదానికి వాలుముక్కను తగిలించెను; చీకటిలో సైతము చేయి తెలిసికొనెను, పొరపాటు మాయమయ్యెను. వ్రేలు మనిషినుండి మీటవైపు మరలినది, జరిగిన దంతే.

అమగసాకి వంపున పడిన ఆ రైలును నడిపిన సంస్థయు ఈ పాఠము నేర్చుకొనినది. బుద్ధిపూర్వకము గాని పొరపాటునకు ఉద్యోగిని శిక్షింపరాదని 2016లో అది నియమము చేసికొనెను. అనగా ఆ గోడయొద్ద 107 మంది పోయిన పదునొకండేండ్లకు. దయచే చేసిన నియమముగా దీనిని నేను భావింపను. శిక్షించుచోట మనుష్యులు 72 మీటర్లను ఎనిమిదిగా చెప్పుదురు. శిక్షలేనిచోట 72 అనియే చెప్పుదురు. 72 అని తెలిసినవానికే దానిని దిద్దు నవకాశ ముండును. అట్లని యంత్రములు అక్కరలేదనుట గాదు. వేగము మించినచో తానే బ్రేకు వేయు క్రొత్త యంత్రము అమగసాకి వంపునకు ఆనాటి కింకను చేరియుండలేదు. మన తెలంగాణమున గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల నడుమ 2022 మార్చిలో, కవచ్ అను పేరిట, ఎదురెదురుగా వచ్చు బండ్లను మనిషి ప్రమేయము లేకయే ఆపు పరీక్ష జరుగగా, ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరముననే నిలిచిపోయినది. మరుసటి యేడు అక్టోబరు 29వ తేదీ రాత్రి, కంటకాపల్లి, అలమండ నడుమ, ఆ కవచము చేరని దారిలో, రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనుకనుండి ఢీకొనినది. పదిమందికి పైగా మరణించిరి. మా నాన్నగారు లెక్కలేనన్ని సార్లు మలుపు తిరిగిన కొత్తవలస అచటికి కూతవేటు దూరము. తొలిగా వెలువడిన అధికారప్రకటనలోని మాట మానవతప్పిద మనియే. ఇంజనులోనివారును మరణించినవారిలో నుండిరి. బదులు చెప్పలేనివానివైపు వ్రేలెత్తుట అన్నింటికంటె సులువైన విచారణ.

ఓసాకాను విడుచు దినమున, విమానాశ్రయమునకు పోవు రైలులో, ఎన్నడో మరచిన సంగతి యొకటి నాకు జ్ఞప్తికి వచ్చినది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. రైల్వే క్వార్టరులో, కరెంటు పోయిన సాయంకాలమున, గడపప్రక్క పెట్టిన లాంతరును పరుగున పోవుచు తన్నితిని, చిమ్నీ ముక్కలైనది. నాన్నగారు అప్పుడే డ్యూటీనుండి వచ్చి, చేతిపెట్టె క్రింద పెట్టుచుండిరి. “వీడే, వీడే పగలగొట్టాడు” అని అక్క నావైపు వ్రేలు చూపెను. ఆయన నావైపు చూడలేదు. “లాంతరు ఎక్కడ పెట్టారు?” అని అడిగిరి. అమ్మ గడప చూపెను. నేను దెబ్బ పడునని కన్నులు మూసికొని నిలిచితిని; వినబడినది సుత్తిచప్పుడు. కన్నులు తెరచి చూచుసరికి, మనిషి తలకంటె ఎత్తున, గోడకు ఒక మేకు దిగుచుండెను.

ఆయన రిటైరైన దినమున మేము ఆ క్వార్టరు ఖాళీ చేసితిమి. మంచములు, బిందెలు, లాంతరు, అన్నియు బండికెక్కినవి. మేకును కూడ పీకుకొని పోదమని నేననగా, “ఉండనీరా, వచ్చేవాళ్ళకీ పిల్లలుంటారు” అని ఆయన తలుపు వేసి, గొళ్ళెమును వ్రేలితో చూపి, “తాళం పడింది” అని పలికి మెట్లు దిగిరి.